వారం రోజుల్లో అడవి, సముద్రం రెండూ: బరంపురం వైపు ఎలా ప్లాన్ చేసుకోవాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫిబ్రవరిలో వారం సెలవు, మీ దంపతులు, పదమూడేళ్ల అబ్బాయి, తొమ్మిదేళ్ల పాప, అరవై ఎనిమిదేళ్ల అమ్మగారు. హైదరాబాద్ నుంచి రైల్లో బయల్దేరతారు. పిల్లలకు సఫారీ చూపించాలి, అమ్మగారికి సముద్రం చూపించాలి. అందుకని ఒడిశాలోని గోపాల్‌పూర్, చిలికా సరస్సు, పూరీ, భితరకనికా, సిమిలిపాల్, సాత్‌కోసియా అన్నీ ఒకే వారంలో పెట్టుకున్నారు. ఇది కుదురుతుందా అని అడిగారు.

కుదరదండీ. కారులో తిరిగి రావడం కుదురుతుంది కానీ చూడటం కుదరదు. మాది బరంపురం, తాతల నాటి నుంచీ ఇక్కడే. 1936 ఏప్రిల్ దాకా ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. మా వీధిలో ఇప్పటికీ పొద్దున పలకరింపులు తెలుగులోనే. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. పాతికేళ్లుగా చుట్టాలనీ స్నేహితులనీ ఈ దారుల్లో తిప్పుతున్నాను. ఆ అనుభవంతో ఒక్క మాట చెబుతాను. ఈ వైపు ప్రయాణాన్ని రోజుల్లో లెక్కెయ్యకండి, తెల్లవారుజాముల్లో లెక్కెయ్యండి. మీ వారంలో ఆరు తెల్లవారుజాములు ఉన్నాయి. జింకలైనా, పక్షులైనా ఎండెక్కాక కనిపించేది తక్కువ. రాత్రి పదింటికి హోటల్‌కు చేరి, మర్నాడు తొమ్మిదింటికి టిఫిన్ చేసి బయల్దేరితే ఆ రోజు పోయినట్టే. కాబట్టి ఏ పొద్దు ఎక్కడ ఉండాలో ముందు తేల్చుకుని, దాన్ని బట్టి ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలో రాసుకోండి.

ముందు సిమిలిపాల్ తీసెయ్యండి. గొప్ప అడవే. 2,750 చదరపు కిలోమీటర్ల పులుల రిజర్వు, ఒళ్లంతా నల్లచారలు కమ్ముకున్న పులులు ఉన్న చోటు. కానీ భువనేశ్వర్ దాటి ఇంకో రెండొందల యాభై కిలోమీటర్లు వెళ్లాలి. దట్టమైన సాల అడవిలో పులి కనబడటం చాలా అరుదు. పిల్లలకు పులి చూపిస్తానని మాటిచ్చి తీసుకెళ్తే నిరాశే మిగులుతుంది. సాత్‌కోసియాకు కూడా పులి కోసం వెళ్లకండి. 2018లో మధ్యప్రదేశ్ నుంచి రెండు పులుల్ని తెచ్చి వదిలారు. మగపులి చనిపోయింది, ఆడపులిని తిరిగి పంపేశారు. అక్కడ చూడాల్సింది మహానది కొండల మధ్య ఇరవై రెండు కిలోమీటర్లు ఒదిగి పారే ఆ లోయ. దానికి విడిగా మూడు రోజులు కావాలి. పులే చూడాలని మీ అబ్బాయి పట్టుబడితే ఏప్రిల్‌లోనో మేలోనో మహారాష్ట్రలో చంద్రపూర్ వైపున్న తాడోబా పులుల అడవికి వెళ్లండి. బల్లార్షా దాకా మీకు రైళ్లున్నాయి. ఎండల్లో నీటి గుంటల దగ్గర పులి కనబడే అవకాశం ఎక్కువ. అక్కడ లోపలి (కోర్) అడవికి మంగళవారం సెలవు, అది చూసుకుని బుక్ చేసుకోండి. దాన్నీ దీన్నీ కలపకండి.

పులి లేకపోతే సఫారీ ఏమిటి అని పిల్లలు అడుగుతారు. ఈ తీరంలో సఫారీ అంటే జీపు కాదు, పడవ. ఇంజను లేని పడవలో కూర్చుని, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో వందల పక్షుల్ని చూసిన పిల్లలు మళ్లీ జీపు ఊసెత్తకపోవడం నేను చూశాను.

రైలు టికెట్ దగ్గర ఒక జాగ్రత్త. స్టేషన్ పేరు బ్రహ్మపూర్ అని వెతకండి. బరంపురం అనో బెర్హంపూర్ అనో వెతికి పశ్చిమ బెంగాల్‌లో అదే పేరున్న ఊరికి టికెట్ తీసుకున్నవాళ్లు నాకు తెలుసు. ఫలక్‌నుమా గానీ విశాఖ ఎక్స్‌ప్రెస్ గానీ ఎక్కితే మీకు సరిపోతుంది. ఇక్కడ దిగి, తిరుగు ప్రయాణం భువనేశ్వర్ నుంచి పెట్టుకోండి. వచ్చిన దారినే వెనక్కి వెళ్లే పని ఉండదు.

మొదటి రెండు రాత్రులూ గోపాల్‌పూర్‌లో ఉండండి. బరంపురం నుంచి పదహారు కిలోమీటర్లు. ఒకప్పుడు రంగూన్ వెళ్లే ఓడలు ఇక్కణ్ణుంచే కదిలేవి. మా తాతల తరంలో బర్మా వెళ్లి వచ్చినవాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురు ఉండేవారు. ఇప్పుడు పాత రేవు శిథిలాలు, లైట్‌హౌసు, పొద్దున్నే వలలు లాగే జాలర్లు ఉంటారు. ఆ జాలర్లలో చాలామంది తెలుగువాళ్లే, ఒడియాలో వాళ్లను నోలియాలు అంటారు. మీ అమ్మగారు ఒడ్డున కూర్చుని వాళ్లతో తెలుగులో మాట్లాడితే చాలు, ఏ చేప ఎప్పుడు పడుతుందో, గాలి ఎటు తిరిగిందో అన్నీ చెబుతారు. పిల్లల్ని మాత్రం మోకాలి లోతు దాటనివ్వకండి. ఇక్కడ నాలుగడుగులు వేసేసరికి లోతు వచ్చేస్తుంది, వెనక్కి లాగే నీటి ఒరవడి బలంగా ఉంటుంది. ఈత వచ్చినవాళ్లు కూడా పోయారు. ఈ విషయంలో ఎవరు ఏం చెప్పినా వినకండి.

రెండో రోజు తెల్లవారుజాము భేట్‌నోయికి. అస్కా వైపున్న పల్లె. నాలుగున్నరకు బయల్దేరితే వెలుగు వచ్చే వేళకు పొలాల్లో ఉంటారు. కోతలైపోయిన మళ్లలో, మినుము పెసర చేలల్లో కృష్ణజింకలు మందలు మందలుగా మేస్తుంటాయి. ఇది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కదా. మనవాళ్లు చాలామంది దాన్ని జూలోనో బొమ్మలోనో తప్ప చూసి ఉండరు. ఇక్కడ కంచె లేదు, గేటు లేదు, టికెట్ లేదు. జింక పొలంలో అడుగుపెడితే వానలు పడతాయని, ఊరికి మేలని ఇక్కడి రైతుల నమ్మకం. పంట తిన్నా తరమరు, వేటాడనివ్వరు. తరాలుగా అలా కాపాడుకుంటూ వచ్చారు కాబట్టే ఇప్పుడు ఈ చుట్టుపక్కల కొన్ని వేల జింకలు ఉన్నాయి. నల్లగా, మెలితిరిగిన కొమ్ములతో ఉండేది మగది. గోధుమ రంగువి ఆడవి, పిల్లలు. కారు రోడ్డు మీదే ఆపి, దిగకుండా అద్దం దించి చూడండి. అవి మనిషి నడిచొస్తే బెదురుతాయి గానీ ఆగి ఉన్న బండిని అంతగా పట్టించుకోవు. ఫొటో కోసం పొలంలోకి కారు దించేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. అది ఒకరి మినుము చేను.

ఇక ఫిబ్రవరి అన్నారు కాబట్టి తాబేళ్ల గురించి వివరంగా చెప్పాలి. గోపాల్‌పూర్‌కు కొంచెం ఉత్తరాన రుషికుల్యా నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒకటీ రెండూ కాదు, ఒకే వారంలో లక్షల్లో. 2023లో ఆరు లక్షలు దాటాయి. ఒక్కో తాబేలు వెనక కాళ్లతో కూజా ఆకారంలో గుంట తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటితో అదిమి మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోతుంది. తన పిల్లల్ని అది ఎప్పటికీ చూడదు. నేను మొదటిసారి చూసిన రాత్రి ఆ ఇసుక మీద అడుగు వెయ్యడానికి చోటు లేదు. చుట్టూ చిప్పకు చిప్ప తగిలే చప్పుడు, తాబేళ్లు భారంగా ఊపిరి వదిలే చప్పుడు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. పురుటి నొప్పులు తెలిసిన మనిషి కదా.

అయితే అవి ఎప్పుడొస్తాయో తేదీ చెప్పలేం. ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి చివరి దాకా ఎప్పుడైనా రావచ్చు. కొన్నేళ్లు అసలు సామూహికంగా రానే రావు. జాలర్లు దక్షిణపు గాలి బలంగా తిరిగిందంటే ఇక వస్తాయంటారు. ఒకసారి మా చెల్లెలి కుటుంబం విజయవాడ నుంచి వస్తే నేను మాటిచ్చేసి మూడు రాత్రులు ఒడ్డున కూర్చోబెట్టాను. ఒక్క తాబేలూ రాలేదు. వాళ్లు రైలెక్కిన నాలుగో రోజు వేల కొద్దీ వచ్చాయి. ఆ తర్వాత నుంచీ ఎవరికీ మాటివ్వను. మీ పిల్లలకూ ఇవ్వకండి. కానీ మీరు గోపాల్‌పూర్‌లో ఉండగా వచ్చాయని కబురు తెలిస్తే మిగతా ప్లాన్ అంతా పక్కన పెట్టి ఇక్కడే ఉండిపోండి. చిలికా వచ్చే ఏడాదీ ఉంటుంది.

వెళ్తే ఎలా ఉండాలో కూడా చెబుతాను. ఒడ్డంతా అటవీ శాఖవాళ్ల కాపలాలో ఉంటుంది, వాళ్లు నిలబడమన్న చోటే నిలబడాలి. ఫ్లాష్ కొట్టకూడదు, సెల్‌ఫోన్ టార్చి వెయ్యకూడదు. తెల్లని వెలుతురు చూస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగే తాబేళ్లు ఉంటాయి. దాదాపు యాభై రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అవి కాంతి ఎక్కువున్న వైపే సముద్రం అనుకుని నడుస్తాయి, ఊరి దీపాల వైపు వెళ్లి చచ్చిపోతాయి. అందుకే ఆ రోజుల్లో ఒడ్డు దగ్గరి పల్లెల్లో దీపాలు ఆర్పేస్తారు. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ నదీముఖాల దగ్గర ఒడ్డు నుంచి ఇరవై కిలోమీటర్ల దాకా చేపల వేట నిషేధం. తాబేళ్ల కోసం కడుపు కట్టుకుంటున్నది ఆ జాలరి కుటుంబాలే. ఒడ్డున వాళ్ల దగ్గర టీ తాగండి, టిఫిన్ తినండి, బేరాలాడకండి.

మూడో రోజు చిలికాకు కదలండి. జాతీయ రహదారి మీద గంట, గంటన్నరలో రంభా వస్తుంది. చిలికా అంటే చాలామంది పూరీ వైపు సాతపడా వెళ్తారు, డాల్ఫిన్ల కోసం. అక్కడి ఇరావడీ డాల్ఫిన్లు నిజంగా అపురూపమైనవే. మొత్తం సరస్సులో నూట యాభై చిల్లర ఉంటాయి. కానీ టీవీలో చూసినట్టు గాల్లోకి ఎగరవు. గుండ్రటి తల ఒక్క క్షణం నీటి పైకి వచ్చి మునిగిపోతుంది. దానికోసం పది ఇంజను పడవలు చుట్టుముట్టి తరమడం చూడలేకపోయాను. వెళ్లి తీరాలంటే పొద్దున్నే వెళ్లి, దూరంగా ఇంజను ఆపించి కూర్చోండి. అక్కడ ఎవరైనా గుల్ల పగలగొట్టి ముత్యం తీసి చూపిస్తే కొనకండి. ఆ ముత్యం ముందే లోపల పెట్టినది.

మీకు నా సలహా రంభా వైపు. సరస్సుకు దక్షిణపు కొస, కొండలు నీటి అంచు దాకా వస్తాయి, జనం తక్కువ. ఒడిశా టూరిజం వాళ్ల పాంథనివాస్ నీటి ఒడ్డునే ఉంటుంది, గదులు సాదాగా ఉంటాయి. పడవ మాత్రం పదకొండు లోపలే ముగించుకోండి. మధ్యాహ్నం గాలి లేస్తే ఈ సరస్సు సముద్రంలా మారుతుంది. పైకి చూస్తే చదునుగా ఉంటుంది కదా అని మోసపోతారు. ఒకసారి సాయంత్రం పడవలో అలల మధ్య ఇంజను ఆగి, గంటన్నర పాటు ఐదుగురం ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం. అప్పటి నుంచీ లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కను, పొద్దు తిరిగాక అసలే ఎక్కను.

ఇంత పెద్ద సరస్సు ఒకప్పుడు చచ్చిపోయే స్థితికి వచ్చిందంటే మీ అబ్బాయి నమ్మకపోవచ్చు. సముద్రంతో కలిసే ముఖద్వారం పూడుకుపోయి, ఉప్పదనం తగ్గి, కలుపు మొక్కలు పెరిగి చేపలు పోయాయి. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. ఆ తర్వాత చేపలు, రొయ్యలు, పీతలు తిరిగొచ్చాయి. 1981లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కిన మన దేశపు మొదటి చిత్తడి నేలల్లో ఇదొకటి. మధ్యలో ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలో చేరి, 2002లో అందులోంచి బయటపడింది. రంభాలో పీతల కూర తినేటప్పుడు ఈ కథ చెప్పండి.

మూడో రోజు సాయంత్రమే మంగళజోడి చేరి రాత్రి అక్కడే పడుకోండి. చిలికా ఉత్తరపు అంచున, టాంగీ దగ్గర ఉన్న పల్లె. మొత్తం ప్రయాణంలో ఒక్క తెల్లవారుజామే మీ చేతిలో ఉంటే నేను దీనికే ఇస్తాను. రెల్లు, తుంగ మధ్య సన్నటి నీటి దారుల్లో చదును పడవను వెదురు గడతో తోసుకుంటూ తీసుకెళ్తారు, ఇంజను ఉండదు. సైబీరియా నుంచీ మధ్య ఆసియా నుంచీ వచ్చిన సూదితోక బాతులు, నల్లతోక గాడ్విట్లు, హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే చారల తల బాతులు, లకుముకి పిట్టలు ఎంత దగ్గరగా ఉంటాయంటే బైనాక్యులర్ దింపేస్తారు. పడవ నడిపేవాళ్లలో కొందరు ఒకప్పుడు ఇవే పక్షుల్ని వేటాడి అమ్మినవాళ్లు. 2000 ప్రాంతంలో ఊరంతా మాట్లాడుకుని మానేశారు, తామే కాపలా కాశారు. వేటగాడికి తెలిసినంతగా పక్షి అలవాటు ఎవరికి తెలుస్తుంది? ఏ పక్షి ఏ మూల గూడు కడుతుందో, ఏ కూతకు మంద లేస్తుందో వాళ్లు చెబుతుంటే వినడం ఒక చదువు. వాళ్లు గర్వంగా చెబుతారు, పిల్లల్ని ప్రశ్నలు అడగనివ్వండి.

అమ్మగారి సంగతి. ఆ పడవ బల్లలు చాలా కిందికి ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే ప్లాస్టిక్ కుర్చీ వెయ్యమని ముందు రోజే చెప్పండి, వేస్తారు. మంకీ క్యాప్, శాలువా తప్పనిసరి. ఫిబ్రవరిలో పొద్దున నీటి మీద చలి ఎముకలు కొరుకుతుంది, తొమ్మిదయ్యేసరికి చెమట పడుతుంది. మార్చి సగం దాటితే పక్షులు వెళ్లిపోతాయి, మీ తేదీలు అటు జరపకండి.

నాలుగో రోజు పక్షులు చూశాక టిఫిన్ చేసి భితరకనికాకు బయల్దేరండి. ఐదారు గంటలు పడుతుంది. ఈ వారంలో ఉన్న ఒకే ఒక పెద్ద ప్రయాణం ఇదే. కేంద్రపడా జిల్లాలో బ్రాహ్మణి, వైతరణి నదులు సముద్రంలో కలిసే చోట ఉన్న మడ అడవి ఇది. ఇక్కడి ఉప్పునీటి మొసళ్లు పద్దెనిమిది వందలు పైనే. 1970లలో వేట వల్ల దాదాపు అంతరించిపోతే, 1975 నుంచి డాంగమాల్‌లో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచి నదిలో వదిలారు. ఇరవై అడుగులు దాటినవి కూడా ఉన్నాయి. శీతకాలంలో అవి ఎండ కాగడానికి బురద ఒడ్డెక్కి నోరు తెరుచుకుని పడుకుంటాయి. అందుకే ఫిబ్రవరి మంచి కాలం.

ఇక్కడ పొద్దు ఒక్కటే కాదు, పోటు పాట్లు (సముద్రపు నీరు పెరగడం, తగ్గడం) కూడా చూసుకోవాలి. పోటు మీద ఒడ్లు మునిగిపోతాయి, మొసలి కనబడదు. పాటు మొదలై బురద బయటపడ్డ గంటలే మంచివి. మీ పడవవాణ్ణి "రేపు పాటు ఎన్నింటికి?" అని ముందు రోజే అడిగి, దాన్ని బట్టి బయల్దేరండి. ఈ ఒక్క ప్రశ్న అడగక, మధ్యాహ్నం పోటులో తిరిగి "మొసళ్లు ఏవీ?" అని వెనక్కి వెళ్లినవాళ్లు ఎంతోమంది. చెయ్యి పడవ బయట పెట్టకూడదని పాపకు గట్టిగా చెప్పండి. పాటు వేళ రేవు మెట్లు నాచుతో జారతాయి, అమ్మగారిని ఇద్దరు పట్టుకోండి.

అటవీ శాఖ నేచర్ క్యాంపుల గదులు ఎకోటూర్ ఒడిశా వెబ్‌సైట్‌లో బుక్ అవుతాయి. ఫిబ్రవరి శని ఆదివారాలు ముందే నిండిపోతాయి. మీ వారాన్ని ఆదివారం మొదలుపెడితే భితరకనికా బుధ గురువారాల్లో పడుతుంది, గదులు సులువుగా దొరుకుతాయి. అందరి ఆధార్ అసలు కార్డులు దగ్గర ఉండాలి. దారిలో రాజ్‌నగర్ దాటాక నగదు ఉంచుకోండి. దోమల మందు మరిచిపోకండి.

రెండు రాత్రులు అక్కడ ఉండి, ఆరో రోజు పూరీ. ఇంత దూరం వచ్చి జగన్నాథుణ్ణి చూడకుండా అమ్మగారు రైలెక్కరు, ఎక్కమనడం న్యాయం కాదు. దర్శనం సాయంత్రం చేయించి, ఏడో రోజు తెల్లవారుజామున కోణార్క్ దారిలో చంద్రభాగా తీరానికి వెళ్లండి. ముప్పై అయిదు కిలోమీటర్ల ఆ దారి బాలుఖండ్ అభయారణ్యం గుండా పోతుంది. సరుగుడు తోపుల్లో దుప్పులు రోడ్డుకు అడ్డం వస్తాయి, డ్రైవర్ని నెమ్మదిగా నడపమనండి. సూర్యోదయం చూసి, గుడి చూసి, మధ్యాహ్నానికి భువనేశ్వర్‌లో ఉంటారు.

ఒకవేళ ఫిబ్రవరి కుదరక అక్టోబరుకు మార్చుకుందాం అనుకుంటే వద్దనే చెబుతాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ మన పలాస వైపు. ఆ రెండూ నేను కళ్లారా చూసినవి. పక్షులు కూడా అప్పటికి పూర్తిగా చేరవు. డిసెంబరు, జనవరి అయితే తాబేళ్లు తప్ప మిగతావన్నీ ఉంటాయి. కాకపోతే జనవరిలో మొసళ్ల లెక్కింపు కోసం భితరకనికాను కొన్ని రోజులు మూసేస్తారు, తేదీలు కనుక్కోండి. మే నుంచి జూలై దాకా మొసళ్లు గుడ్లు పెట్టే కాలం, అప్పుడు ప్రవేశం ఉండదు.

కారులోనే వచ్చేట్టయితే శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఒక గంట ఆగండి. ఊరి చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడపిల్లల్ని చూసుకున్నట్టు ఊరివాళ్లు వాటిని చూసుకుంటారు. మార్చి దాకా ఉంటాయి.

మీ తేదీలు ఫిబ్రవరి రెండో వారమా, నాలుగో వారమా రాయలేదు. నాలుగో వారానికి జరపగలిగితే తాబేళ్ల అవకాశం పెరుగుతుంది, మంగళజోడి పక్షులూ ఇంకా ఉంటాయి. తేదీ ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. ఆ రోజుల్లో భితరకనికా పాటు ఎన్ని గంటలకో కనుక్కుని పడవ టైము చెబుతాను.